లీటరుకు ఎంతిస్తుంది?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో వెంటనే మూడు ప్రశ్నలు లేస్తాయి. కొత్త ఊళ్లో మన స్కూలు ఉందా? క్వార్టర్స్ దొరుకుతుందా? కారును ఏం చేద్దాం? మొదటి రెండింటికీ ఏదో ఒక ఆఫీసులో జవాబు దొరుకుతుంది. మూడోదాన్ని ఇంట్లోనే తేల్చుకోవాలి. తాతయ్య కొన్న ఆంబాసిడరో, మేనమామ ఇచ్చిన ప్రీమియర్ పద్మినియో ఉన్న ఇళ్లలో ఈ చర్చ ఇంకాస్త ఘాటుగా సాగుతుంది. "ఇది పెట్రోలు తాగే బండి, అంత దూరం దీన్ని ఎవరు తోలతారు, అమ్మేద్దాం" అని పెద్దలంటారు. పిల్లలకు ఆ మాట రుచించదు. ఊరు మారుతుంది, ఇల్లు మారుతుంది, తరగతిలో పక్కన కూర్చునే నేస్తం మారిపోతాడు. వెనుక సీటు కిటికీ ఒక్కటే మారకుండా ఉంటుంది. అయితే ఇష్టం ఒకటి, లెక్క ఒకటి. మేము ఇక్కడ లెక్క సంగతే మాట్లాడదలచుకున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పాత కారు పెట్రోలు ఎక్కువ తాగుతుందన్నది నిజం. ఆ ఒక్క కారణంతో దాన్ని అమ్మేయాలన్నది మాత్రం సగం లెక్క. "లీటరుకు ఎంతిస్తుంది?" అని అందరూ అడుగుతారు. "ఏడాదికి ఎంత తిరుగుతుంది?" అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండో ప్రశ్న పక్కన పెట్టకపోతే మొదటిదానికి వచ్చే జవాబుతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ముందు ఆ బండ్ల సంగతి చూద్దాం. ఆంబాసిడర్ మన దేశంలో 1950ల చివర మొదలై 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. దాని మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు. చాలా ఏళ్లపాటు అందులో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. బండి బరువు టన్ను దాటుతుంది. పద్మినిది ఇటలీ పుట్టుక. ఫియట్ 1100 దాని పూర్వీకురాలు, ఇంజను 1089 సీసీ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు జనం ఎందుకు ఎగబడ్డారో ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది. దాని ఇంజను 796 సీసీ. బరువు ఆంబాసిడర్‌లో సగానికి కాస్త ఎక్కువ. మోయాల్సింది తక్కువైతే తాగేదీ తక్కువే కదా.

పాత ఆంబాసిడర్ నడిపినవాళ్లను అడిగితే పెద్ద రోడ్డు మీద లీటరుకు ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అంటారు. ఊళ్లో అంతకంటే తగ్గుతుంది. కొందరు తాతయ్యలు పద్నాలుగు అంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మాకు ఇక్కడే గుర్తొస్తుంది. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఆ రోజుల్లో కొలిచిన పద్ధతి వేరు, రోడ్డు వేరు, పెట్రోలు కూడా వేరు. చాలా పాత కార్ల మీటర్లు మైళ్లలో ఉండేవి, వాటి పుస్తకాల్లో లెక్క గ్యాలనుకు ఇన్ని మైళ్లని రాసేవారు. గ్యాలన్లలోనూ రెండు రకాలున్నాయి. బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. గ్యాలనుకు 28 మైళ్లు అని పుస్తకంలో ఉంటే బ్రిటిష్ లెక్కన లీటరుకు సుమారు 10 కిలోమీటర్లు, అమెరికా లెక్కన దాదాపు 12. మోరిస్ వంశానికి చెందిన కారు పుస్తకాన్ని అమెరికా గ్యాలనుతో గుణిస్తే లేని రెండు కిలోమీటర్లు కాగితం మీద పుట్టుకొస్తాయి.

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అంటే ట్యాంకు నింపితే వచ్చే శక్తి పాత రోజుల కంటే ఆరేడు శాతం తగ్గినట్టే. కాబట్టి తాతయ్య 1985లో చెప్పిన అంకెతో ఇప్పటి అంకెను పోల్చి, బండి పాడైపోయిందని తీర్పు చెప్పడం న్యాయం కాదు. పాత రబ్బరు గొట్టాలకు ఇథనాల్ పడదన్నది దీనికి తోడైన ఇంకో చిక్కు. దూరప్రయాణానికి ముందు ఆ గొట్టాలు మార్పించుకోవడం అవసరం. అవి మెత్తబడి కారితే పోయేది పెట్రోలు మాత్రమే కాదు, నిప్పు ప్రమాదం కూడా ఉంటుంది.

మరి అంత ఎందుకు తాగుతుంది? బరువు ఒక కారణం. కార్బురేటర్ ఇంకోటి. ఇప్పటి కార్లలో ఇంజనుకు ఎంత గాలి వెళ్తోందో, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచి దానికి తగ్గట్టు పెట్రోలు చిమ్మే ఏర్పాటు ఉంది. కార్బురేటర్‌కు అంత తెలివి లేదు. అందులో ఉన్నది సన్నని రంధ్రం. గాలి వేగంగా పోతుంటే ఆ ఒరవడికి పెట్రోలు పైకి లాగబడి గాలిలో కలుస్తుంది. మెకానిక్ స్క్రూ తిప్పి ఎలా సర్దితే అలాగే పోతూ ఉంటుంది. ఊరు మారినా, వాతావరణం మారినా దానికి తెలియదు. సముద్రమట్టం నుంచి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి ఒత్తిడి మన తీరప్రాంతంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. విశాఖపట్నంలో సరిచేసిన కార్బురేటర్ అక్కడ ఆ పలుచని గాలికి మోతాదు మించి పెట్రోలు పోస్తుంది. నల్లటి పొగ వస్తుంది, శక్తి తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. నాన్నకు కొండప్రాంతానికి బదిలీ అయితే బండికి కూడా ఆ ఊరి మెకానిక్ చేయి పడాలి. మనకు కొత్త యూనిఫాం కుట్టించినట్టే అనుకోండి.

చోక్ మీటను కూడా మరిచిపోకూడదు. చలి ఉదయం ఇంజను అందుకోవడానికి దాన్ని బయటికి లాగుతారు. లాగి ఉన్నంతసేపు పెట్రోలు పాలు ఎక్కువగా పోతుంది. ఇంజను వేడెక్కాక లోపలికి తోసేయాలి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు అయిదు నిమిషాల తరువాత ఒకసారి ఆ మీట వైపు చూస్తే చాలు. ఇంతకంటే చవకైన పొదుపు ఇంకోటి మాకు తెలియదు.

ఇక వేగం. దూరప్రయాణంలో అసలు కథ ఇదే. గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుందని పై తరగతుల భౌతికశాస్త్రంలో చదువుతాం. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతు పెరుగుతుంది, గాలి తోపు మాత్రం 78 శాతం పెరుగుతుంది. ఆంబాసిడర్ ఎత్తుగా, గుండ్రంగా, పెద్ద నుదురుతో ఉంటుంది. గాలిని చీల్చుకుపోయేలా దాన్ని ఎవరూ గీయలేదు. పైగా పాత ఆంబాసిడర్లో స్టీరింగు పక్కన ఉండే గేరుకర్రకు నాలుగే గేర్లు. అయిదో గేరు లేదు కనుక 80లో ఇంజను గొంతు చించుకుంటుంది. అదే బండి 55 దగ్గర హాయిగా, మాట్లాడుకోవడానికి వీలుగా పోతుంది. 45 నుంచి 55 మధ్య నడిపితే ఇంధనం ఆదా అవుతుందని పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం, అంటే మన స్కూళ్లలో వ్యాస, చిత్రలేఖన పోటీలు పెట్టే పీసీఆర్‌ఏ, ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. కొత్త కార్లు కొన్నవాళ్లు ఆ మాట వినిపించుకోకుండా పోగలరు. ఆంబాసిడర్ మాత్రం దాన్ని జేబు మీద రాసి చూపిస్తుంది.

హైదరాబాదు నుంచి నాగపూరు సుమారు 500 కిలోమీటర్లు. పాత ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి పోతుంది. ఆంబాసిడర్లో సామాన్లన్నీ డిక్కీలో సర్ది, 55 వేగంతో లీటరుకు 10 చొప్పున నడిపితే 50 లీటర్లు. అదే పైన క్యారియర్ కట్టి, దాని మీద ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు ఎక్కించి 80 వేగంతో తోలి లీటరుకు 8 వచ్చిందనుకుందాం. 62 లీటర్లు దాటుతుంది. మిగిలే సమయం సుమారు మూడు గంటలు, పోయేది పన్నెండు లీటర్లకు పైనే. మమ్మల్ని అడిగితే ఆ మూడు గంటలు నిర్మల్‌లో ఆగి కొయ్యబొమ్మలు చూడటానికి వాడతాం. కొత్త ఆఫీసులో రేపు ఉదయమే చేరాల్సిన నాన్నను అడిగితే ఇంకో జవాబు వస్తుంది. ఆయన తొందర కూడా అబద్ధం కాదు.

ఈ ప్రయాణంలో అయిదుగురున్నారని అనుకుందాం. ఒక్కో లీటరు మీద అయిదుగురు పది కిలోమీటర్లు పోయారు, అంటే మనిషి లెక్కన యాభై కిలోమీటర్లు. లీటరుకు 20 ఇచ్చే కొత్త కారులో ఒక్కరే పోతే ఇరవై, ఇద్దరైతే నలభై. నిండుగా కూర్చున్న ముసలి బండి ఖాళీగా పోయే కుర్రబండి కంటే మెరుగన్నమాట. కానీ ఈ అంకె చూసి సంబరపడి ఆగిపోతే అది న్యాయమైన వాదన కాదు. అదే అయిదుగురు ఆ కొత్త కారులో ఇరుక్కుని కూర్చుంటే లీటరుకు వంద వస్తుంది. రైలెక్కితే ఇంకా చాలా తక్కువ ఇంధనంతో పని జరుగుతుంది. ఒక్క ప్రయాణం మాత్రమే చూస్తే పాత కారు గెలవదు.

ఏడాది మొత్తం చూడండి. పాత కారును వారానికోసారి బయటికి తీసి, సెలవులకు ఒక దూరప్రయాణం చేసే ఇంట్లో అది ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 10 చొప్పున 200 లీటర్లు. లీటరుకు 20 ఇచ్చే కొత్త కారయితే 100. తేడా వంద లీటర్లు. లీటరు ధర నూరు రూపాయలనుకుంటే ఏడాదికి పదివేలు. పెట్రోలు లీటరు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక తేడా 230 కిలోలు. బాగానే ఉంది. అయితే కొత్త కారు ఊరికే పుట్టదు. దాని ఉక్కు కరగాలి, అల్యూమినియం, గాజు, టైర్లు, రంగు అన్నీ తయారవ్వాలి. ఆ తయారీలోనే కొన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. మన లెక్క కోసం అయిదు టన్నులనుకుందాం. ఏడాదికి 230 కిలోల చొప్పున ఆ అప్పు తీరడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఈలోపు ఆ కొత్త కారు కూడా పాతదై, దాన్నీ అమ్మేద్దామనే చర్చ మొదలవుతుంది.

అదే కారును రోజూ ఆఫీసుకు, బజారుకు, ట్యూషన్లకు తిప్పే ఇల్లు తీసుకుందాం. రోజుకు 40 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు, మొత్తం 12,000. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతే పాత బండి ఎనిమిదే ఇస్తుంది, 1,500 లీటర్లు. కొత్త చిన్న కారు ఊళ్లో 15 ఇచ్చినా 800 లీటర్లతో సరిపెడుతుంది. తేడా 700 లీటర్లు, అంటే ఒకటిన్నర టన్నుకు పైన. మూడేళ్లు దాటేసరికి తయారీ అప్పు తీరిపోయి, ఆ తరువాత అంతా మిగులే. ఆ ఇంట్లో పాత కారు మీద మమకారంతో దాన్నే పట్టుకుని వేలాడటాన్ని మేము సమర్థించం. కారు ఒకటే, ఇళ్లు రెండు, జవాబులు రెండు.

ఈ లెక్కలో పడని సంగతులూ ఉన్నాయి. పాత కార్లకు పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ లేదు. కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు ఆవిరి నేరుగా బయటికి వస్తాయి. విశాలమైన రహదారి మీద అది గాలిలో చెదిరిపోతుందేమో గానీ, స్కూలు గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టిన పాత బండి వెనుక సైకిలు పట్టుకుని నిలుచున్నవాడికి తెలుస్తుంది ఆ ఘాటు. అందుకే పాత కారుకు తగిన చోటు ఊరు కాదు, దూరపు దారి అంటున్నాం. వెనుక సీటు బెల్టుల విషయంలో మాకు రెండో మాట లేదు. పాత కార్లలో అవి ఉండవు. పెట్టించుకునే దాకా పిల్లలతో జాతీయ రహదారి ఎక్కకూడదు. ఘాటు రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడవడం, ఇంజనే ఆపేయడం పాత డ్రైవర్లలో కొందరికి అలవాటు. ఇంజను పట్టు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మిగిలేది గ్లాసుడు పెట్రోలు. మీ ఇంటి డ్రైవరు సీట్లో ఎవరున్నా సరే, ఈ విషయంలో పిల్లలు నోరు విప్పి చెప్పాలని మా మనవి.

చట్టం కూడా ఒక మాట చెబుతుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ నంబరున్న కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప మామూలు ప్రయాణాలకు వాడకూడదు. 1970ల తొలినాళ్ల ఆంబాసిడర్‌కు ముచ్చటపడి వీఏ నంబరు తీసుకుంటే దానిలో బదిలీ ప్రయాణం ఇక లేనట్టే. మామూలు నంబరుతోనే ఉంచుకుంటే పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు అక్కడి నంబరు వేయించుకోవాలి, దానికి పాత చోట ఎన్‌ఓసీ తేవాలి. మనలాంటి కుటుంబాల కోసమే అదే 2021లో బీహెచ్ సిరీస్ మొదలుపెట్టారు. మంచి పని. ఢిల్లీ పరిసరాలకు వెళ్లేవాళ్లు ముందే విచారించుకోవాలి, అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు, వాటి మీద వాదనలు చాలా కాలంగా నడుస్తున్నాయి.

ఇంతా చేసి, మీ ఇంటి కారు అసలు ఎంతిస్తుందో మీకు తెలుసా? చాలామందికి తెలిసింది బంకులో ఎవరో చెప్పిన అంకె. కొలవడం కష్టం కాదు. బయలుదేరే ముందు ట్యాంకు పూర్తిగా నింపించి మీటరు అంకె రాసుకోండి. దారిలో పోయించిన ప్రతి లీటరూ రాయండి. చేరాక మళ్లీ అదే అంచుకు నింపించండి. మొదటిసారి నింపినది వదిలేసి, తరువాత పోయించిన లీటర్లన్నీ కూడి, తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించండి. పాత కార్ల మీటరును కళ్లు మూసుకుని నమ్మకూడదు. దాన్ని పరీక్షించే పని వెనుక సీటువాళ్లది. రోడ్డు పక్కన తెల్లరాయికి పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. ఒక రాయి దగ్గర మీటరు చూసి, ఇరవై కిలోమీటర్ల తరువాతి రాయి దగ్గర మళ్లీ చూడండి. మీటరు 22 చూపిస్తే అది పదింట ఒక వంతు ఎక్కువ తిరుగుతోందన్నమాట, మైలేజీ కూడా అంత ఎక్కువగా కనిపిస్తుంది. ఎంతమంది కూర్చున్నారో, పైన క్యారియర్ ఉందో లేదో, ఏసీ లేని కారులో అద్దాలు ఎంతసేపు దించారో కూడా పక్కన రాయండి. రెండు బదిలీలకు సరిపడా ఇలా రాసిన నోటుబుక్కు ఉన్న ఇంట్లో "అమ్మేద్దాం" అన్న మాటకు జవాబు చెప్పడానికి ఎవరూ గొంతు పెంచనక్కర్లేదు.

అన్నీ చూశాక అమ్మాలనే తేలితే అమ్మండి. కొనేవాళ్లు ఎవరన్నది మాత్రం అడగండి. మన ఇంట్లో ఏడాదికి 2,000 తిరిగిన కారు, అమ్మగానే మాయం కాదు. అది ఇంకో వీధిలో రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే కిరాయి బండి కావచ్చు. అప్పుడు మన గేటు ముందు పొగ ఆగుతుంది, ఊళ్లో పెరుగుతుంది. ముక్కలు చేసి ఇనుము కరిగించే చోటికి పోతుందా, ముచ్చటగా దాచుకునేవాళ్ల షెడ్డులోకి పోతుందా, మళ్లీ రోడ్డు మీదికే వస్తుందా అన్నది కాగితాల మీద సంతకం పెట్టే ముందే తెలుసుకోవచ్చు.